ఆగలేదని చెప్పిన సర్వర్

ఉద్యోగ విరమణకు ముందు ఏడాది, వానాకాలంలో, నన్ను తెనాలి నుంచి రేపల్లెకు అసిస్టెంట్ ఇంజనీర్‌గా బదిలీ చేశారు. తీరం వెంబడి మా శాఖ పెట్టిన సౌర సర్వర్ల బాగోగులు నా బాధ్యత. సర్వర్ అంటే పెద్దదేమీ కాదు. ఒకే బోర్డు మీద ఇమిడిన అరచేతి కంప్యూటర్, ఒక బ్యాటరీ, డాబా మీద సోలార్ పలక. తెల్లవారుజామున అది సిమ్ ద్వారా సముద్ర హెచ్చరికను తెచ్చుకుని పల్లెలోని ఫోన్లలో చూపిస్తుంది. పచ్చ రంగు వస్తే వేటకు వెళ్లవచ్చు, ఎరుపు వస్తే కూడదు.

రాత్రి సర్వర్ ఆగిపోయిందని ఒక పల్లె నుంచి ఫోన్ వస్తే పొద్దున్నే వెళ్లాను. పలక ఉన్నది చేపల వ్యాపారం చేసే నాగేశ్వరమ్మ డాబా మీద. లాగ్ తెరిచాను. యంత్రం ఏ క్షణాన ఏం చేసిందో అందులో తానే రాసుకుంటుంది. ఎక్కడా ఖాళీ లేదు.

“ఇది ఆగలేదమ్మా,” అన్నాను.

“ఆగిందండి. రాత్రి దాని దీపం ఆరిపోయింది. ఎండొచ్చాకే మళ్లీ వెలిగింది. నేను చూశానుగా మేడమ్!”

ఆమెకు అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. లాగ్ తప్పు చెబుతుందని నాకు తోచలేదు. తీగలు లాగి చూశాను, మీటరు పెట్టి చూశాను. బ్యాటరీ బలహీనంగా ఉంది. అయితే లాగ్‌లో ఖాళీ ఎందుకు లేదు? ఏమీ అర్థంకాక బాపట్లలోని మా డివిజనల్ ఇంజనీరుకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, ఇవాళ ఎరుపు హెచ్చరిక కదా, పడవలు ఒడ్డునే ఉన్నాయా అని అడిగారు.

నా ఫోన్‌లో హెచ్చరిక పేజీ పచ్చగా ఉంది.

“మీవాళ్లెవరైనా వేటకు వెళ్లారా?” అని నాగేశ్వరమ్మను అడిగాను.

“మా తమ్ముడు ఇప్పుడే ఇంజన్ వేశాడండి. పచ్చగానే ఉందిగా!”

విషయం చెప్పగానే ఆమె కాలువ గట్టు వెంట పరుగెత్తింది. “ఒరేయ్ ఏడుకొండలూ, ఆగరా!” అన్న కేక నాకు డాబా మీదికి వినిపించింది. అతను పడవ తిప్పుకుని వచ్చాడు గానీ కోపంగా ఉన్నాడు. “పచ్చ చూపిస్తారు, మళ్లీ వద్దంటారు. ఏంటి మేడమ్ ఇది?” మధ్యాహ్నానికి సముద్రం లేచింది. అప్పుడతను పడవకు ఇంకో తాడు వేసి గట్టుకు కట్టాడు.

లాగ్‌లో చివరి వరుస పక్కనున్న సమయం చూశాక సంగతి తెలిసింది. అది నిన్న రాత్రి సమయం. ఆ బోర్డుకు సొంత గడియారం లేదు. విద్యుత్తు పోయి మళ్లీ వస్తే, ఆగిన చోటి నుంచే లెక్క మొదలుపెడుతుంది. నెట్‌వర్క్ నుంచి సమయం సరిదిద్దుకోవాల్సిన అమరిక ఆరోజు పనిచేయలేదు. మబ్బులకు బ్యాటరీ నిండక రాత్రి ఆగి, ఎండలో లేచినా, దాని లెక్కలో ఇంకా తెల్లవారలేదు. అందుకే కొత్త హెచ్చరిక తెచ్చుకోకుండా నిన్నటి పచ్చనే చూపించింది, లాగ్‌లో ఖాళీ కనిపించలేదు.

తర్వాత అన్ని బోర్డులకూ బటన్ సెల్‌తో నడిచే చిన్న గడియారం అమర్చాం. హెచ్చరిక పాతదైతే ఏ రంగూ చూపకుండా చేశాం. అంతకుముందు మబ్బు రోజుల్లో ఎన్నిసార్లు పాత పచ్చను నమ్మి పడవలు వెళ్లాయో తేల్చలేకపోయాను. ఆ వివరం ఉండాల్సింది లాగ్‌లోనే, కానీ అందులోని సమయాలే తప్పు. యంత్రం ఏం రాసుకుందో చదవబోయే ముందు, దాని లెక్కలో ఇప్పుడు టైమెంతో చూడాలి. నేను నేర్చుకున్నది అదే.