బాబాయి పళ్ళున్నప్పటి రికార్డింగు

బాబాయి పై పళ్ళు కదలడం మొదలయ్యాకే మాకు రికార్డింగు చేయించుకోవాలన్న బుద్ధి పుట్టింది. అంతకుముందు మా బ్యాండు మేళం నరసరావుపేట చుట్టుపక్కల ఎన్నో పెళ్ళిళ్ళలో వాయించింది గాని, ఒక్క పాటా దాచుకోలేదు. డీజే బాక్సులు వచ్చాక పిలిచేవాళ్ళు లేక వాయిద్యాలన్నీ అటకెక్కాయి. ఇప్పుడేమో డాక్టరు ఆ పళ్ళు పీకాల్సిందే అన్నాడు. క్లారినెట్టును నోట్లో బిగించి పట్టేవి అవే. అవి పోయాయంటే బాబాయి పాట పోయినట్టే. రికార్డింగు అయ్యేదాకా తన నోటి జోలికి రావద్దని డాక్టరుకే చెప్పి లేచి వచ్చేశాడాయన.

పాతవాళ్ళందరినీ మళ్ళీ పోగుచేశాం. ట్రంపెట్టు ఆయన కిరాణా కొట్టు మూసి వచ్చాడు. నాది సైడు డ్రమ్ము. రికార్డింగు చేసే కుర్రాడికి జాజ్ అంటే పిచ్చి. అమెరికాలోనూ మాలాగే వీధుల్లో వాయించే పాత బ్యాండ్లు ఉండేవట. జనం మరిచిపోయాక కొందరు పట్టుబట్టి ఆ సంగీతాన్ని మళ్ళీ లేపి రికార్డులు చేశారట. బాబాయి అంతా శ్రద్ధగా విని, అందులో క్లారినెట్టు ఆయనకి పళ్ళున్నాయా అని అడిగాడు.

స్టూడియోలో మమ్మల్ని మైకుల ముందు కదలకుండా నిలబడమన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. మేం పుట్టి బుద్ధెరిగి నిలబడి వాయించింది లేదు. పెళ్ళికొడుకు కారు ముందు నడుస్తూ వాయించినవాళ్ళం, మా తాళమంతా కాళ్ళలోనే ఉంది. కాళ్ళు ఆగితే పాట కుంటుతోంది. ట్రంపెట్టు ఆయన తనకు తెలియకుండానే నడుచుకుంటూ తలుపు దాకా వెళ్ళిపోయాడు. నా డ్రమ్ము మాత్రం బాగానే ఉందని నా అభిప్రాయం. ఎవరూ అడగలేదు గనక అప్పుడు చెప్పలేదు.

"నడవకుండా వాయించమంటే ఎట్టారా? రోడ్డెక్కండి" అన్నాడు బాబాయి.

రెంటచింతలలో మా చుట్టాల వీధి ఖాళీగా ఉంటుందని అక్కడికెళ్ళాం. అక్కడి ఎండలో పొద్దున్నే ఇత్తడి బూరలు ముట్టుకుంటే చురుక్కుమన్నాయి. కుర్రాడు కర్రకు మైకు కట్టి, మా ముందు వెనక్కి నడుస్తున్నాడు. బ్యాండు వినగానే ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చారు. ఒక ముసలమ్మ అయితే మాతోపాటే నడుస్తూ మైకు పక్కన నిలదీసింది. "పెళ్ళికొడుకేడిరా నాయనా?"

అందరి నోళ్ళలోనూ బూరలే. నోరు ఖాళీగా ఉన్నది నాకొక్కడికే, నాకేమో జవాబు చెబితే తాళం తప్పుతుందని భయం. వెనక మాచర్ల బస్సు హారన్ కొడుతోంది. బాబాయి ఆగలేదు. చివరి స్వరాన్ని పట్టుకుని చర్చి మలుపు దాకా లాక్కెళ్ళాడు. ఆయన దవడ వణకడం చూసి నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. పాట ముగించి, నాలుకతో పళ్ళు తడుముకుని, "ఉండయ్యిరా" అన్నాడు.

తర్వాతి వారమే అవి ఊడబెరికారు. కట్టుడు పళ్ళతో క్లారినెట్టు కీచుమనడం తప్ప పలకలేదు. బాబాయి దాన్ని తుడిచి పెట్టెలో పెట్టేశాడు.

ఈమధ్య నకరికల్లులో చుట్టాల పెళ్ళికి మేం ఉత్త చేతుల్తో, భోజనాలకే వెళ్ళాం. ఊరేగింపులో డీజే బండి మీంచి ఉన్నట్టుండి మా పాటే మొదలైంది. రికార్డింగు కుర్రాడు దాన్ని ఫోన్లలో తిప్పాడట. నడుమ ముసలమ్మ గొంతు బాక్సులు అదిరేలా, పెళ్ళికొడుకేడని అడిగింది. జనమంతా నవ్వుతూ కారు వైపు చేతులు చూపించారు.

నేను తిరిగి చూసేసరికి బాబాయి పక్కన లేడు. డీజే బండికి ముందు, బ్యాండు మేస్త్రీ నడిచే చోట నడుస్తున్నాడు. మేమంతా ఒకరి తర్వాత ఒకరం వెళ్ళి, ఎవరి చోట్లో వాళ్ళం కలిశాం. బండివాడు తొందరపడి హారన్ కొడితే, బాబాయి వెనక్కి తిరిగి కట్టుడు పళ్ళతో నవ్వాడు.

"తొందరపడమాక. ఈ పాటకు ఇంతే నడక."

వాడు బండి నెమ్మది చేశాడు.