పెన్సిలుతో రాసిన తారీఖు

టీచరుగారు పోయారన్న కబురు నాకు పర్చూరులో సైకిలు షాపు ముందు నిలబడి ఉండగా తెలిసింది. బ్రేకు రబ్బర్లు మార్పిస్తున్నాను. పాత రబ్బర్లు కొండ దిగేటప్పుడు పట్టవని ఆమే పది రోజులుగా పోరుతున్నారు. ఫోనులో వాళ్ల చెల్లెలు, "పొద్దున లేవలేదమ్మా, నిద్రలోనే పోయింది" అంది. షాపతను రెండో రబ్బరు బిగించి, చక్రం తిప్పి, "చూడండమ్మా, ఎట్టా పట్టుకుందో" అన్నాడు. నేను తల ఊపాను. అప్పటి నుంచి ఈ వారం రోజులూ ఒక్క చోట కూర్చోలేకపోతున్నాను. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వెళుతున్నాను, వీధిలోంచి చేనుకు వెళుతున్నాను.

మీరు ఆమెను చూసి ఉండరు. నాకు ఐదో తరగతిలో పాఠాలు చెప్పారు, ఆ తర్వాత మా వీధిలోనే ఇల్లు కట్టుకున్నారు. పొరుగూరి బడికి రిటైరయ్యేదాకా సైకిలు మీదే వెళ్లి వచ్చారు. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక నాకు సైకిలు నేర్పిందీ ఆమే, సీటు వెనక పట్టుకుని వీధి చివరిదాకా పరుగెత్తి. ప్రతి మలుపులో ఒక్కసారి బెల్లు కొట్టేవారు, ఎదురుగా మనిషి ఉన్నా లేకపోయినా. "ఎవరూ లేరు కదండీ" అంటే, "లేరని మలుపు తిరిగాక కదే తెలిసేది" అనేవారు. టీ అరకప్పే తాగేవారు. మిగతా అరకప్పు నాకు పోసి, చల్లారబెట్టుకుంటున్నానని కసిరేవారు.

ఎప్పుడో చర్చి మీటింగులకని విశాఖ నుంచి భీమిలికి బస్సులో వెళ్లారట. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో ఎక్కుతూ దిగుతూ పోయే రోడ్డు. ఆ రోజు కిటికీ పక్క సీటు దొరకలేదని ఇన్నేళ్లయినా ఆమెకు కోపమే. "ఈసారి సైకిలు మీద చూద్దామే, కిటికీతో పన్లేదు" అన్నారు. చీరాలలో సైకిళ్లు రైలుకెక్కించడం, విశాఖలో దిగి భీమిలిదాకా ఆగి ఆగి తొక్కి రావడం, మొత్తం మూడు రోజులు, అంతే ప్రయాణం. చెప్పినంత తేలిక కాదని ఇద్దరికీ తెలుసు. మా పత్తి చేల మధ్య రోడ్డు పలకలా ఉంటుంది. పుట్టి బుద్ధెరిగాక మేము సైకిలు మీద ఎక్కిన ఎత్తల్లా కాలవ కట్ట, మార్టూరు దగ్గర హైవే వంతెన.

"ముందు బరువులతో సహా కొండవీడు ఘాట్ రోడ్డు మీద చూసుకుందాం" అన్నారు. పోయిన చలికాలంలో ఒక ఉదయం ట్రాలీ ఆటోలో సైకిళ్లు వేసుకుని వెళ్లాం. బరువు కట్టే పని నేను తీసుకున్నాను. మాకు బరువంటే వెనక క్యారియరే. పురుగుమందు డబ్బా అయినా మిరప బస్తా అయినా అక్కడే పెట్టి తాడు బిగిస్తాం. అలాగే బట్టలూ, నీళ్ల క్యాన్లూ, బియ్యం, ఆవకాయ సీసా ఒక గోతంలో కుక్కి నా సైకిలు వెనక కట్టాను. ఆవకాయ ఎందుకన్నారు. విశాఖ కారం మన నోటికి ఆనదన్నాను. మొదటి మలుపు బాగానే ఎక్కాను. రెండోది నిలువుగా ఉంది. లేచి నిలబడి తొక్కానో లేదో, ముందు చక్రం గాల్లోకి లేచింది, నేను రోడ్డు మీద కూలబడ్డాను. సీసా పగిలి ఆవకాయ తారు మీద పరుచుకుంది.

ఆమె దిగి నా మోచెయ్యి చూశారు, గోతం చూశారు, నా పక్కనే రోడ్డు మీద కూర్చున్నారు. "ఏమే, మనం మార్కెట్ యార్డుకు మిరపకాయలు తోలటం లేదు. ముందుక్కూడా కాస్త బరువుండాలి." భుజానికున్న గుడ్డ సంచి తీసి నా హ్యాండిలుకు తగిలించారు. అందులో పంక్చరు సామాను పెట్టుకున్న బిస్కెట్ల డబ్బా, నీళ్ల సీసా, చిన్న కీర్తనల పుస్తకం. ఆ మలుపు మాత్రం తొక్కలేక నడిచాం. నాకు సిగ్గేసింది. "నడిస్తే సైకిలేమన్నా అలుగుద్దా" అన్నారు.

ప్రయాణం ఆగింది నా వల్లే. మొదట మిరప కోతలన్నాను. తర్వాత ఎండలన్నాను, ఆ తర్వాత పత్తి విత్తనాలన్నాను. ప్రతిసారీ సరేనన్నారు. ఒక్కసారి మాత్రం నవ్వుతూ, "నిమిషం కుదురుగా కూర్చోవు, ఊరు మాత్రం దాటవు. ఏం మనిషివే నువ్వు" అన్నారు. అప్పుడు నేనూ నవ్వాను. ఆ మాటే ఇప్పుడు నన్ను ఇంట్లో ఉండనివ్వడం లేదు.

సమాధి చేసిన మూడో రోజు వాళ్ల చెల్లెలు ఆ గుడ్డ సంచి తెచ్చింది. "నీకిమ్మని అక్కేం చెప్పలేదు. కానీ ఇది నీదేననిపించింది" అంది. బిస్కెట్ల డబ్బా కింద మడత పెట్టిన కాగితం. దారంతా ఆమె గుండ్రటి అక్షరాల్లో ఉంది. ఎక్కడ టీ తాగాలి, ఎక్కడ గాలి ఎదురొస్తుంది, ఎక్కడ దిగి నడవాలి, అన్నీ ఆ వైపు వాళ్లను ఫోనులో అడిగి రాసుకున్నారట. పైన పెన్సిలుతో తారీఖు. నేను వాయిదా వేసినప్పుడల్లా చెరిపి మళ్లీ రాసినట్టున్నారు. అక్కడ కాగితం అవతలి వేలు కనపడేంత పలచబడిపోయింది. నన్ను విసుక్కోకుండా అన్నిసార్లు చెరిపారు. సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆమె ఆఖరుగా రాసిన తారీఖు వచ్చే శుక్రవారం. పత్తికి మందు కొట్టాల్సింది కూడా ఆ రోజుల్లోనే. "ఒక్కదానివే ఎట్టా పోతావే?" అన్నాడు మా ఆయన. "మీరు చేను చూసుకోండి" అన్నాను. ఆ పెన్సిలు అంకెల మీదే పెన్నుతో దిద్దాను, మెల్లగా, కాగితం చిరక్కుండా.

నిన్న ఉదయం మళ్లీ కొండవీడు వెళ్లాను. బట్టల మూట వెనక కట్టి, సంచిలోవేవీ తీయకుండా, ఆ రోజు ఆమె తగిలించినట్టే హ్యాండిలుకు తగిలించాను. రెండో మలుపు దగ్గర గడ్డిలో పగిలిన సీసా ముక్క ఒకటి ఇంకా ఉంది. బెల్లు ఒక్కసారి కొట్టాను. ఎదురుగా ఎవరూ లేరు. లేచి నిలబడి తొక్కాను. సంచి అటూ ఇటూ ఊగింది గానీ, ముందు చక్రం నేల వదల్లేదు.