పనికిరాని బీడీలు

నా చిన్నప్పుడు నేను బేరమాడకుండా కొన్నది ఏదైనా ఉందంటే బడి ముందు అమ్మే ఐస్‌ఫ్రూట్ ఒక్కటే. అది కూడా మాటల్లో పడితే కరిగిపోతుందన్న భయంతో. పెద్దపల్లి బజారులో మా బాపుది కిరాణా దుకాణం. గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని కాబట్టి, లోకంలో నన్ను మించిన బేరగత్తె లేదని పదకొండేళ్లకే నమ్మకం కుదిరింది.

ఆ ఎండాకాలం సెలవుల్లో పక్కింటి అక్క నన్ను బీడీ కార్మికుల సంఘానికి అరువడిగింది. అక్క బీడీలు చుట్టేది, సంఘం పనులూ చూసేది. కార్డుల మీద పేర్లు రాయడానికి అక్షరాలు వచ్చిన మనిషి కావాలట. దస్తూరి బాగుపడుతుందిలే అని బాపు ఒప్పుకున్నాడు. సంఘం అంటే ఒక గది, ఒక చాప, ఒక ఎర్రజెండా. అక్కడ పేర్లు రాస్తూ, వేలిముద్రలు వేయిస్తూ, ఇంతమంది కలిసి అడగడమెందుకు, నోరున్న మనిషి ఒక్కరు చాలరా అని లోలోపల నవ్వుకునేదాన్ని.

సాయంత్రాలు ఆడవాళ్లు బీడీ కట్టలు చాటల్లో పెట్టుకుని కార్ఖానా ముందు వరుసగా నిలబడేవాళ్లు. మర్నాటికి ఆకూ తంబాకూ ఇచ్చే ఠేకేదారే గద్దె మీద కూర్చుని ఆ కట్టలు తిప్పి చూసేవాడు. ఆకు చిరిగిందనో, తంబాకు తక్కువైందనో కొన్నింటిని పనికిరావని పక్క గంపలో వేసేవాడు. వాటికి కూలి లేదు. కానీ ఆ గంప లోపలికే పోయేది. అవీ మిగతావాటితో కలిసే అమ్ముడుపోతాయని అందరికీ తెలుసు.

ఒకనాడు అక్కవి నాలుగు కట్టలు గంపలో పడ్డాయి. నేను ఊరుకోలేకపోయాను. ఇంత సన్నగా చుట్టే చేయి ఈ వాడలో ఇంకొకటి లేదన్నాను. ఎదురు కార్ఖానావాళ్లు అక్కను రమ్మంటున్నారని ఒక అబద్ధం కూడా జోడించాను. ఆయన నవ్వి మూడు కట్టలు వెనక్కి తీశాడు. "నీకొక్కదానికే. ఎవలకు చెప్పకు" అన్నాడు. కోట గెలిచినట్టు వెనక్కి తిరిగాను. మా వెనక నిలబడ్డ ముసలవ్వ చాటలోంచి ఏడు కట్టలు గంపలోకి పోతున్నాయి. ఆమెవి రోజూ పోయేవి నాలుగే.

దారిలో అక్క కోప్పడలేదు. "బేరం మంచిగనే ఆడినవ్ బిడ్డా. గా మూడు కట్టలు ఆయన ఇంట్లకెల్లి తెచ్చిండనుకున్నవా? అవ్వ చాటలకెల్లి తీసిండు."

సిగ్గు ముందు వచ్చింది, వెనకే రోషం. మా దుకాణంలో సరుకు బాగాలేదన్నవాడు దాన్ని అక్కడే పెట్టిపోవాలి, బాగాలేదంటూనే ఇంటికి మోసుకుపోతే మా బాపు ఊరుకోడని గొణిగాను. నడుస్తున్న అక్క ఆగిపోయింది. ఆ మాటే మర్నాడు సంఘం గదిలో అందరి ముందూ నాచేత చెప్పించింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆయన ఆకు ఆపితే పొయ్యి వెలగదు. అందరి భయమూ అదే.

ఆ సాయంత్రం గంపలో మొదట పడ్డది అవ్వ కట్టే. అవ్వ వంగి దాన్ని తీసుకుని రెండు అరచేతుల మధ్య నలిపింది. తంబాకు పొడి ఆయన తెల్లటి గద్దె మీద రాలింది.

"ఏందే ఇది?"

"పనికిరానిదే గద సేటు" అంది అవ్వ. "నీకెందుకు ఫికర్?"

ఆ తర్వాత గంపలో పడ్డ ప్రతి కట్టా అలాగే నలిగింది. నలిపినవాళ్లకు రేపటి నుంచి ఆకు లేదన్నాడాయన. అప్పుడు అక్క, ఆ రోజు తన కట్టల్లో ఒక్కటీ పోకపోయినా, చాటలోంచి మంచి కట్ట ఒకటి తీసి ఆయన కళ్లముందే నలిపింది. వరుసలో ఉన్న వాళ్లందరూ తలో కట్ట నలిపారు. ఇక ఎవరికని ఇస్తాడు, ఎవరికని ఆపుతాడు?

రెండు రోజులు ఎవరికీ ఆకు రాలేదు. వాడంతా గంజి తాగింది. నేను దుకాణంలోంచి అటుకులు దొంగిలించి సంఘం గదికి మోశాను. బాపు చూసీ చూడనట్టున్నాడు. మూడోనాడు పొద్దున ఆకు గంపలు ఆయనే పంపించాడు. ఆ తర్వాత కట్టల్లో లోపాలు ఆయన కంటికి వింతగా తగ్గిపోయాయి.

నేను ఇప్పటికీ బేరమాడతాను. నన్ను చూస్తే కూరగాయలవాళ్లు మొహం తిప్పుకుంటారు. కానీ ఎవరైనా గొంతు తగ్గించి "నీకొక్కదానికే" అన్నారంటే చాలు, నా మెడ దానంతటదే వెనక్కి తిరుగుతుంది. వరుసలో నా వెనక ఎవరున్నారో చూస్తాను. వాళ్లు వచ్చి నా పక్కన నిలబడేదాకా అక్కణ్ణించి కదలను.