దుప్పటికి అవతలి కొస

మా అక్క చేత నీళ్లు తాగించడం నా వల్ల కావడం లేదు. చెబితే నవ్వుతారు గానీ, నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది.

అక్క లాండ్రీలో పనిచేస్తుంది. హోటళ్ల నుంచి వచ్చే దుప్పట్లను ఉతికాక, తడి మీదే ఇస్త్రీ అయ్యేలా వేడి రోలరులోకి పంపడం ఆమె పని. ఆ గదిలో ఊరికే నిలబడినా చెమటతో తడిసి ముద్దయిపోతాం. పోయిన నెల అక్కడే కళ్లు తిరిగి పడిపోయింది. "ఒంట్లో నీరూ ఉప్పూ బాగా తగ్గిపోయాయి. ఓఆర్ఎస్ పొడి నీళ్లలో కలుపుకుని రోజూ తాగకపోతే కిడ్నీలకే ముప్పు" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఇక చూడండి నా తిప్పలు! మందుల షాపులో ఒక అర నిండా ఆ పొడి ప్యాకెట్లే. ఒకదాంట్లో చక్కెర ఎక్కువ, ఇంకోదాంట్లో ఉప్పు ఎక్కువ. చక్కెర లేనిదాంట్లో పేరు తెలియని తీపేదో ఉంది. చీమ తలకాయంత అక్షరాలు చదివి చదివి తలనొప్పి వచ్చింది. షాపాయనను అడిగితే "అన్నీ మంచివేనమ్మా" అన్నాడు. ఆ ముక్క ప్యాకెట్టు కూడా చెబుతుంది!

నారింజది కలిపిస్తే "దగ్గు మందులా ఉందే" అంది అక్క. నిమ్మది కలిపిస్తే గిన్నెలు తోమే సబ్బు వాసనంది. ఏ రుచీ లేనిది తెస్తే "కన్నీళ్లు తాగినట్టుందే తల్లీ" అంది. సీసా నిండుగా వెళ్లేది, నిండుగానే తిరిగొచ్చేది.

"నాలుక్కి ఇన్ని సోకులేంటక్కా! మళ్లీ పడిపోతే గానీ బుద్ధి రాదా?" అని అరిచేశాను. అక్క మాత్రం బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది.

నిన్న ఇంకో రకం కొని, నా కళ్లముందే తాగించాలని నేరుగా లాండ్రీకి వెళ్లాను. దుప్పటికి ఒక కొస అక్క చేతిలో, రెండోది ఇంకో ఆవిడ చేతిలో ఉన్నాయి. ఇద్దరూ బిగించి పట్టి ఒక్కసారే రోలరుకు అందించాలి. ఒకరు వదిలారా, గుడ్డ ముడుచుకుని లోపల ఇరుక్కుంటుంది.

"తాగు" అని సీసా మూత తీశాను.

అక్క గొంతు తగ్గించింది. "తాగితే వెళ్లాల్సొస్తుందే. బాత్రూమేమో కింద, ఆ గోడౌను వెనకాల. నేను వెళ్లొచ్చేదాకా ఆవిడ ఊరికే నిలబడాలి. ఇద్దరికీ చీవాట్లే."

"మరి రుచి బాలేదన్నావు?"

"నువ్వంత తంటాలు పడి తెస్తుంటే, ఇంకేం చెప్పమంటావే?"

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆమె చేతిలోని కొస లాక్కున్నాను. "తాగు. తాగి, తీరిగ్గా వెళ్లిరా."

అక్క సీసా ఎత్తి గటగటా తాగేసింది. అది ఏ రుచో కూడా అడగలేదు. నోరు తుడుచుకుని మెట్లవైపు పరిగెత్తింది.

సూపర్‌వైజరు వచ్చాడు. "ఎవరమ్మా నువ్వు? రోజూ వచ్చి పట్టుకుంటావా ఏంటి?"

"నేను రాను. మరి రేపు ఎవరు పట్టుకుంటారో మీరే చెప్పండి" అన్నాను.

ఆయన తర్వాతి దుప్పటి తీయమని ఆవిడకు సైగ చేసి వెళ్లిపోయాడు.