రాతి బల్ల దగ్గర కోచ్ ఇంటర్వ్యూ

నా జీవితంలో ఒక్కసారి కూడా నేను బాస్కెట్‌బాల్‌ను బుట్టలో వేయలేదు. ఇంటర్ చదివేటప్పుడు మా కాలేజీలో ఒక కోర్టు ఉండేది కానీ, దాని మీద ప్రిన్సిపాల్ గారి కారు నిలిపేవారు. అయినా యూరప్‌లో ఉత్తమ బాస్కెట్‌బాల్ కోచ్ ఎలా ఉండాలన్న విషయంలో నాకున్నంత పరిజ్ఞానం ఈ సింగపూర్ మొత్తం మీద ఇంకొక్కరికే ఉంది. అతను మా పై అంతస్తులో ఉండే వరంగల్ తమ్ముడు.

ఇద్దరిదీ బుకిట్ బటోక్‌లో ఒకే బ్లాకు. అతని ఆఫీసు పాయా లేబర్‌లో, నాది ఇంకా అవతల చాంగీ బిజినెస్ పార్కులో. పొద్దున రైలెక్కితే అతను దిగేదాకా మాట్లాడుకోవడానికి బోలెడు సమయం. అతను ఒకసారి కంపెనీ పని మీద మూడు నెలలు యూరప్‌లో ఉండి, అక్కడి నుంచి చాక్లెట్లతో పాటు ఈ పిచ్చిని కూడా తెచ్చాడు. చాక్లెట్లు వాళ్ళింట్లో అయిపోయాయి, పిచ్చి మాత్రం నాకు పంచాడు. అప్పటి నుంచి అమెరికా ఆట చూసేవాళ్ళంటే మా ఇద్దరికీ చులకన. అది చూడటానికి కళ్ళుంటే చాలు, యూరప్ ఆట చూడాలంటే బుర్ర కావాలని మా నమ్మకం. ఆ బుర్రలు రెండూ రైల్లో పక్కపక్కన నిలబడి, ఒకే ఫోన్లో నిన్నటి ఆట ముక్కలు చూసేవి.

నా సిద్ధాంతం భయం. టైమవుట్ తీసుకుని, మొహం కందగడ్డలా చేసుకుని, ఆరడుగుల పైనున్న ఆటగాళ్ళను చిన్నపిల్లల్లా తిట్టగలిగినవాడే కోచ్. నాకు లెక్కలు బెత్తంతోనే వచ్చాయి కాబట్టి ఇందులో నాకు సందేహం లేదు. తమ్ముడి సిద్ధాంతం కప్పులు. "గట్ల కాదన్నా. అరిస్తే ఏమొస్తది? ఎన్ని కప్పులు గెలిచిండో లెక్కవెట్టాలె, అంతే," అనేవాడు. ర్యాంకుల ప్రకటనలు చూసి కాలేజీలో చేరిన తరం మాది, అతన్ని తప్పుపట్టలేను. మా ఆవిడ మాత్రం రెండు సిద్ధాంతాలూ విని, కోర్టు మన బ్లాకు ఎదురుగానే ఉంది కదా, దిగి ఒక బంతి వేసి చూడొచ్చు కదా అంది. ఆడవాళ్ళకు థియరీ అర్థం కాదని మేం ఏకాభిప్రాయానికి వచ్చాం. మేం ఏకీభవించిన విషయం అదొక్కటే.

ఆ కోర్టులో ప్రతి శనివారం పొద్దున ఒక చైనీస్ అంకుల్ చుట్టుపక్కల పిల్లలకు ఉచితంగా ఆట నేర్పేవాడు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడట. డజను మంది పిల్లల్లో మా పదకొండేళ్ళ అమ్మాయి, తమ్ముడి కవల పిల్లలు కూడా ఉండేవారు. ఇక్కడ ఎప్పుడు వాన పడుతుందో చెప్పలేం కాబట్టి ఆయన అరగంట ముందే వైపరూ, రెండు పాత తువాళ్ళూ పట్టుకొచ్చి నేల మీద నీళ్ళన్నీ తోసి, బుట్ట కింద వంగి తుడిచేవాడు. తర్వాత పిల్లలు వచ్చేవారు. ఎవరైనా బంతి వదిలేస్తే "మళ్ళీ" అనే అర్థం వచ్చే ఒక్క మాట అనేవాడు. ఆట అయ్యాక అందరినీ తిన్నారా అని అడిగి పంపేవాడు. అరవడాల్లేవు, కప్పుల్లేవు. మా దృష్టిలో ఆయన కోచే కాదు.

ఒక శనివారం మా పిల్లలు పక్క వీధి బ్లాకుల పిల్లలతో ఆడి చిత్తుగా ఓడిపోయారు. పిల్లలు నవ్వుకుంటూ ఐస్‌క్రీముకు వెళ్ళారు. మాకే నిద్ర పట్టలేదు. పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో వెంటనే ఓటింగు పెట్టాం: కోచ్‌కు ఉండవలసిన మొదటి లక్షణం ఏది? నా భయానికీ, అతని కప్పులకూ సమానంగా ఓట్లొచ్చాయి. ఉన్న అంకుల్‌కు మాత్రం రెండూ లేవన్నది తేలిపోయింది. కాబట్టి ఆయనను పిలిచి మాట్లాడాలని తీర్మానించాం. మాట్లాడటమంటే మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, ఇంటర్వ్యూ.

బ్లాకు కింద చదరంగం గళ్ళున్న రాతి బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి పొద్దున్నే చోప్ చేశాం, అంటే ఇక్కడి పద్ధతిలో ఈ చోటు మాదని గుర్తు పెట్టాం. బల్లకు ఒకవైపు నేనూ, తమ్ముడూ, మా బ్లాకులోనే ఇంకో పిల్లవాడి తండ్రీ. రెండోవైపు వైపర్ ఒళ్ళో పెట్టుకుని అంకుల్. డబ్బులు తీసుకోకుండా పిల్లలకు ఆట నేర్పే పెద్దమనిషిని, మీ బలహీనతలు ఏమిటని అడిగిన ఘనత మాది. ఆయన మోకాలు చూపించాడు. యూరప్ పద్ధతిలో మీ ఫిలాసఫీ ఏమిటని తమ్ముడు అడిగాడు. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించి, ముందు నేల తడిగా ఉందేమో చూస్తానన్నాడు. మేం మర్యాదగా నవ్వాం. తమ్ముడు ల్యాప్‌టాప్‌లో 'ఫిలాసఫీ' అన్న గడికి ఎదురుగా 'లేదు' అని రాసుకున్నాడు.

ఆయనకు కోపం రాలేదు. మీకు చాలా తెలుసు, మీరే నేర్పండి, నా మోకాలికి విశ్రాంతి దొరుకుతుంది అని లేచాడు. వైపర్ మా బ్లాకు కింది స్తంభానికి ఆనించి, తువాళ్ళు మాత్రం మడిచి పట్టుకెళ్ళాడు. ఇంటర్వ్యూ ఇంత సాఫీగా జరగడం మా ఆఫీసులో కూడా చూడలేదని మేం ఒకరినొకరు అభినందించుకున్నాం.

మరుసటి శనివారం నేను కోచ్‌ని. తెల్లవారుజామున వాన పడి వెలిసింది. విజిల్, బోర్డు, మార్కర్ పెన్నుతో దిగాను. డజను మంది పిల్లలు వరసగా నిలబడ్డారు. ముందుగా టైమవుట్ తీసుకున్నాను. ఆట మొదలు కాకముందే టైమవుట్ ఎందుకని తమ్ముడు అడ్డుపడ్డాడు. అక్కడి నుంచి మేమిద్దరం సిద్ధాంతాల్లో పడ్డాం. చేతిలో బంతితో పిల్లలు చాలాసేపు మా నోళ్ళ వంక చూశారు.

చివరికి మా అమ్మాయి నా చొక్కా లాగి, "నాన్నా, ఫ్లోర్ వెట్ లా," అని ఇక్కడి యాసలో అంది.

పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో రాకూడదని, యూరప్ కోచ్ ఇలాగే చూస్తాడని నేననుకున్న చూపుతో దాన్ని గద్దించాను. అది వెనక్కి తగ్గింది. భయం పనిచేస్తుందని రుజువైనందుకు సంతోషించి, బంతి తీసుకుని, బుట్ట వైపు ఎలా దూసుకెళ్ళాలో చూపిస్తానని రెండడుగులు వేశాను. మూడో అడుగు నేల మీద పడలేదు. నేను పడ్డాను. ఆకాశం వంక చూస్తూ ఉన్నప్పుడు తమ్ముడి గొంతు వినిపించింది: "అన్నా, గిది ఏ సిస్టమ్?"

పిల్లలెవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మా అమ్మాయి వెళ్ళి స్తంభానికి ఆనించిన వైపర్ తెచ్చి, నా చుట్టూ నీళ్ళు తోయడం మొదలుపెట్టింది. నేను లేస్తుంటే నా వంక చూడకుండా, "అంకుల్ నెవర్ షౌట్. హీ జస్ట్ కమ్ ఎర్లీ," అంది. దాని గొంతులో ఏడుపు ఉంది. దానికి ఎంతో ఇష్టమైన దాన్ని నేను పోగొట్టానని అప్పుడు తెలిసింది. నడుము నొప్పి కంటే అదే ఎక్కువ బాధించింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. తర్వాతి వారం ఐదుగురు వచ్చారు, ఆపై వారం మా ముగ్గురు పిల్లలే. మిగతావాళ్ళు ఎక్కడికి పోయారో మా అమ్మాయికి తెలుసు కానీ చెప్పలేదు. ఒక శనివారం అది కూడా బూట్లు వేసుకుని వేరే వైపు నడుస్తుంటే వెనకాలే వెళ్ళాను. పక్క వీధి కోర్టులో అంకుల్ కొత్త వైపరుతో నీళ్ళు తోస్తున్నాడు. మమ్మల్ని ఓడించిన పిల్లలూ, మా పిల్లలూ ఒకే గట్టు మీద కూర్చుని నేల ఆరేదాకా ఎదురుచూస్తున్నారు. ఆ బ్లాకులవాళ్ళు ఇంటర్వ్యూ చేయకుండానే ఆయనను పిలిచారట. వాళ్ళకు పాపం యూరప్ గురించి ఏమీ తెలియదు.

దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పాను. రైల్లో యూరప్ కోచ్‌లందరినీ చీల్చి చెండాడిన నోరు ఆ నాలుగు ముక్కలకు తడబడింది. నేను కూడా రావచ్చా అని అడిగాను. ఏ పనికని ఆయన అడగలేదు. నా చదువు, అనుభవం, సిద్ధాంతం ఏవీ అడగలేదు. ఒక్క ప్రశ్నే వేశాడు, అరగంట ముందు రాగలవా అని.

రాగలనన్నాను. భుజం మీది తువాలు తీసి నా చేతికిచ్చి, బుట్ట కింద చూపించాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాను. గట్టు మీది నుంచి మా అమ్మాయి చూస్తోందని తెలుసు, అందుకే తల ఎత్తలేదు. జేబులో ఫోన్ రెండుసార్లు మోగింది. తమ్ముడు గ్రూపులో మళ్ళీ ఓటింగు పెట్టాడని తర్వాత చూశాను, యూరప్‌లో ఉత్తమ కోచ్ ఎవరని. అది మోగినప్పుడు మాత్రం నా రెండు చేతులూ తడిగా ఉన్నాయి.