మద్రాసుకు చిడతల కోసం

రూఢిగా తెలిసినవి ముందు చెబుతాను. ఎనభైలలో ఒక వేసవి చివర, యార్డులో మిర్చి సీజను ముగిశాక, మా మేనమామా నేనూ గుంటూరు నుంచి మద్రాసు వెళ్ళాం. పాటల పెట్టెలు అమ్మే ఒక దుకాణాన్ని వెతికి పట్టుకున్నాం. తిరిగి వచ్చేటప్పుడు మా వెంట ఒక రికార్డు ప్లేయరు, ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు ఉన్నాయి. వీటికి నేను సాక్షిని. మోసింది కూడా నేనే కనుక నా భుజాలు కూడా సాక్ష్యం చెబుతాయి.

ఆ కొట్టు గురించి మిగిలినదంతా అప్పటికి విన్నదే. మౌంట్ రోడ్డు వెనక సందులో ఒక మేడమీద కొట్టు ఉందనీ, గుడిలోకి వెళ్ళినట్టు చెప్పులు విడిచి వెళ్ళాలనీ, యజమాని తనకు నచ్చినవాడికి మాత్రమే రికార్డు పెట్టి వినిపిస్తాడనీ, ఆ పెట్టెలో గాయకుడు గుటక వేసినా వినపడుతుందనీ మామయ్యకు చెప్పినవాడు పత్తి కొనడానికి వచ్చిన ఒక మద్రాసు ఏజెంటు. ఆయన కూడా స్వయంగా వెళ్ళలేదు, బావమరిది చెప్పాడట. ఇంతకీ గుటక విన్నది ఎవరని ఆరా తీస్తే, ఆ బావమరిది స్నేహితుడి దగ్గర దారి తెగిపోయింది. నేను అప్పట్లో కాలేజీలో ఫిజిక్సు చెబుతుండేవాణ్ణి. విన్నదాన్ని చూసినదాని కింద జమ కట్టకపోవడం నా వృత్తిధర్మం. ఇంట్లో దాన్ని నస అనేవారు.

మామయ్య మిర్చి యార్డులో కమీషను వ్యాపారి. పొదిలి వైపు మెట్ట పల్లెల నుంచి రైతులు ఆయన కొట్టుకు సరుకు తోలేవారు. ఆయనకున్న ఏకైక విలాసం ఒక హరికథ రికార్డు. దాసుగారి గొంతు, పక్కన ఫిడేలు, మృదంగం, వీటన్నిటి మీదా గలగలలాడే చిడతలు. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక ఆ రికార్డు వినకపోతే ఆయనకు వారం ముగిసినట్టు ఉండేది కాదు. అలాంటిది, కొంతకాలంగా ఆయన ఒక ఫిర్యాదు మొదలుపెట్టాడు.

“ఈ పెట్టె చిడతలు మింగేస్తోందిరా.”

మైకు సెట్టు అద్దెకిచ్చే ఆయన వచ్చి ముల్లు మార్చాడు. చిడతలు రాలేదు. రికార్డు అరిగిపోయిందని తేల్చి ఆయన వెళ్ళిపోయాడు. నేను పెట్టె పక్కన కూర్చుని విన్నాను. చిడతలు ఉన్నాయి. పలచగా ఉన్నాయి, కాని ఉన్నాయి. వయసు మీదపడే కొద్దీ చెవి ముందుగా వదులుకునేది సన్నని, పై శబ్దాలనేనని పాఠంలో చెప్పేవాణ్ణి. పాఠం మన ఇంటి ముందుగదిలో కూర్చుని ఉంటే చెప్పడం అంత తేలిక కాదు. అత్తయ్యతో చెప్పాను. ఆమెకు నా శాస్త్రం అవసరం లేకపోయింది.

“కుక్కరు కూత వినపడటం మానేసి ఏడాదైంది నాయనా ఆయనకి. కొత్తపేటలో చెవి డాక్టరున్నాడు, మిషను పెడతాడు, పదండంటే కస్సుమంటారు.”

ఈ మాట ఆమె ఆయన ఎదుటే, అవసరమైనంత గట్టిగా అన్నది. మామయ్య కస్సుమన్నాడు.

“చెవిలో మిషను పెట్టుకుని యార్డులో కూర్చుంటే ఎవడు తోలతాడే సరుకు? ‘షావుకారికి చెవులు పోయినయ్, రేపు కళ్ళు పోతయ్’ అని ఎదురు కొట్టుకు తోలతారు. నా కొట్టు నా చేతుల్తో నేను మూసుకోవాలా?”

ఆ భయాన్ని తీసిపారేయడానికి నా దగ్గర ఆధారం లేదు. యార్డులో ఆయన పరిస్థితి ఇంకా ఎవరికీ తెలియదు. అందుకు కారణం ఆ యార్డు పద్ధతే. అక్కడ బేరం నోటితో జరగదు. ఇద్దరి చేతుల మీదా ఒక తుండుగుడ్డ పడుతుంది. దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కవాడికి ధర తెలియకూడదని పుట్టిన ఆచారమంటారు. మామయ్య విషయంలో అదే తుండు చెవుల గుట్టును కూడా కప్పి ఉంచింది.

పత్తి ఏజెంటు చెప్పిన కొట్టు ఆయనకు దేవుడిచ్చిన వాదంలా దొరికింది. లోపం పెట్టెది, చెవిది కాదు. అత్తయ్య ఆ వాదాన్ని పట్టుకుని అక్కడికక్కడే ఒప్పందం రాయించినంత పని చేసింది.

“సరే, వెళ్ళండి. ఆ గొప్ప పెట్టెలో చిడతలు వినపడితే నేనిక డాక్టరు మాట ఎత్తను. వినపడకపోతే నోరెత్తకుండా కొత్తపేట రావాలి. తీర్పు అల్లుడు చెబుతాడు. సైన్సోడు, మొహమాటం తెలీదు.”

దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

‘హై-ఫై’ అన్న మాట మాకు కొత్త కాదు. గుంటూరులో ఒక సెలూనుకూ, ఒక టైలరు దుకాణానికీ అప్పటికే ఆ పేరుండేది. మద్రాసులో దిగాక తెలిసిందేమిటంటే, అక్కడ ఆ మాట లేని బోర్డే అరుదు. మేము ఎక్కిన మొదటి హై-ఫై కొట్టులో క్యాసెట్లు తప్ప ఏమీ లేవు. రికార్డులు ఎక్కడ దొరుకుతాయని అడిగితే, మ్యూజియం ఎటువైపో చెప్పినంత గౌరవంగా ఒక దారి చూపించారు. ఆ దారి చివర గడియారాలు బాగుచేసే షాపు ఉంది.

రెండవది అద్దాల షోరూము. పెట్టెలకు రంగురంగుల దీపాలు వెలిగి ఆరుతున్నాయి. సేల్సు కుర్రాడు ఒక పెట్టె మీద చెయ్యి వేసి, దాని వాట్లు చెప్పాడు. నేను పెట్టె వెనక్కి వంగి, అక్కడ అంటించిన చిన్న రేకు చదివాను. అది గోడ నుంచి తీసుకునే కరెంటు కంటే స్పీకర్లకు ఇచ్చే కరెంటు చాలా ఎక్కువని ఆ కుర్రాడి లెక్క. అదే నిజమైతే ఆ పెట్టెను పాటలకు వాడటం దండగ. ఊరికి దీపాలు వెలిగించుకోవచ్చు. ఈ మాట నేను వివరంగానే చెప్పాను. మామయ్య మాత్రం ఆ పెట్టె ధ్వనికి తల ఊపాడు.

“దీన్ని డాబా మీద పెడితే పొన్నూరు దాకా వినపడుద్దిరా.”

“పొన్నూరువాళ్ళకి చిడతలు కావాలని ఎవరన్నారు మామయ్యా?”

“అదీ నిజమే,” అన్నాడు. కాసేపు ఆలోచించి, “వాళ్ళకేం, వరి పండుద్ది, నిద్రపోతారు,” అని బయటికి నడిచాడు.

మేడమీద కొట్టు నిజంగానే ఉంది. మెట్ల పక్కన ఫ్యాన్లు రిపేరు చేసే ఆయన చూపించాడు. చెప్పులు విడవమన్న మాట కూడా నిజమే. “దుమ్ము సార్,” అన్నాడు యజమాని. గుడి సంగతి అక్కడితో తేలిపోయింది. ఆయన నెరిసిన గడ్డం, మద్రాసు తెలుగు ఉన్న పెద్దమనిషి. ఎవరికి పడితే వారికి వినిపించడన్న మాట మాత్రం అబద్ధం. మేము కూర్చోకముందే వినిపించడం మొదలుపెట్టాడు. ఆ మధ్యాహ్నం అక్కడికి వచ్చినవాళ్ళం మేమిద్దరమే అనుకుంటాను.

స్పీకరు వైరు మీద బాణం గుర్తు కనపడి, అదేమిటని అడిగాను.

“వైరుకు దిక్కు ఉంది సార్. ఇటు నుంచి అటే పోవాల. తిప్పి పెడితే సంగీతం చచ్చిపోతుంది.”

“పాట తాలూకు కరెంటు అటూ ఇటూ ఊగుతుందండీ. వెళ్ళిన దారినే వెనక్కి కూడా వస్తుంది.”

“వస్తుంది సార్. కానీ మనసు లేకుండా వస్తుంది.”

మామయ్య నా మోచెయ్యి లాగాడు. “ఏమంటన్నాడ్రా?”

“వైరుకు దిక్కుందట!” అని అరిచాను.

“ఈశాన్యమా?” అన్నాడు మామయ్య చాలా గంభీరంగా. యజమాని ఆయన వంక మొదటిసారి గౌరవంగా చూశాడు.

తుండులో చుట్టి తెచ్చిన హరికథ రికార్డును మామయ్య విప్పి ఇచ్చాడు. యజమాని దాన్ని మెత్తని బ్రష్షుతో తుడిచి, ముల్లును మొదటి గాడి మీదికి తీసుకువెళ్ళబోయాడు. మామయ్య ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

“అక్కడ కాదయ్యా. లోపల పెట్టు.”

“సార్, మొదటి నుంచి వింటేనే కదా...”

“పైన ఎర్రకాయ ఎవడైనా పెడతాడు. రంగు పోయిన తాలు కాయలు బస్తా అడుగున ఉంటయ్. అడుగు నుంచి తీసి చూపించు.”

యజమాని ముఖం వాడిపోయింది. నేను సర్దిచెప్పబోయి ఆగిపోయాను. రికార్డు తిరిగే వేగం ఒకటే గాని, లోపలికి వెళ్ళే కొద్దీ చుట్టు చిన్నదవుతుంది. ముల్లు కింద గాడి నెమ్మదిగా నడుస్తుంది. సన్నని శబ్దాలు ముందుగా చెడేది అక్కడే. పెట్టెను పరీక్షించాలంటే అంతకంటే కఠినమైన చోటు లేదు. మామయ్య సరైన చోటే పరీక్ష పెట్టాడు, పూర్తిగా సంబంధం లేని కారణంతో. కారణం అడిగితే చెబుదామని సిద్ధంగా ఉన్నాను. ఆయన అడగలేదు.

ముల్లు లోపలి చుట్టు మీద దిగింది. దాసుగారి గొంతు ఆ గదిలో, రెండు స్పీకర్ల మధ్య, మనిషి నిలబడేటంత ఎత్తులో వచ్చి నిలిచింది. ఆ వెనకే చిడతలు. మా ఇంట్లో విన్నప్పుడు ఇసుక రాలినట్టుండే శబ్దం ఇక్కడ ఒక్కొక్క బిళ్ళగా విడివిడిగా మోగింది. గుటక కోసం కూడా చెవులు రిక్కించాను. వినపడలేదు. దాసుగారికి ఆ పూట గుటక అవసరం పడలేదేమో, దాని మీద నేనేమీ తేల్చను.

తర్వాత మామయ్య వైపు చూశాను. ఆయన కుర్చీ అంచున ముందుకు వంగి ఉన్నాడు. చూపుడువేలు మోకాలి మీద చిడతలతో పాటు పడుతోంది. ముఖంలో ఎన్నాళ్ళుగానో చూడని ఒక వెలుగు.

“వచ్చినయ్ రా! చిడతలు వచ్చినయ్!”

ఆనందపడేవాణ్ణే. కాని ఆయన చూపు ఆంప్లిఫయరు మీద ఉంది. దాని ముఖం మీద రెండు చిన్న గాజు కిటికీలు; వాటిలో ధ్వనికి తగ్గట్టు ఎగిరిపడే రెండు ముళ్ళు. చెవితో విన్నవాడికీ, ఆ ముళ్ళను కంటితో చూసినవాడికీ వేలు ఒకేలా కదులుతుంది.

మామయ్య అప్పటికే బేరంలోకి దిగాడు. తుండు దులిపి, యజమాని కుడిచేతి మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి నా వైపు భయంగా చూశాడు. మా ఊళ్ళో ఇది మర్యాదేనని చెప్పాను. ఆ వేళ్ళ భాషలో ఒక్క ముక్క తెలియకపోయినా, చివరికి ఆయన తల అడ్డంగా ఊపి, ఆ తర్వాత నిలువుగా ఊపాడు. నేను ఇంకో పని కూడా చేశాను. అరలో ఇంకొక హరికథ రికార్డు కనపడింది: దాసు వేరు, కథ వేరు, మామయ్య ఎన్నడూ విననిది. అది కొని సంచిలో వేసుకున్నాను.

ఇంటికి రాగానే అత్తయ్య తీర్పు అడిగింది.

“విన్నానన్నాడు అత్తయ్యా.”

“అన్నాడా, విన్నాడా?”

ఇలాంటి విద్యార్థి క్లాసులో నాకు ఒక్కరూ దొరకలేదు.

ఆ ఆదివారం ముందుగదిలో పరీక్ష పెట్టాను. ముళ్ళు కనపడకుండా ఆంప్లిఫయరు మీద తుండు కప్పాను. చిడతలు మోగినప్పుడల్లా వేలెత్తమన్నాను. మామయ్య కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. చిడతలు మోగాయి, వేలు లేచింది. ఆగాయి, దిగింది. ఎక్కడా తప్పలేదు. అత్తయ్య ముఖంలో ఓటమి, సంతోషం కలిసి కనపడ్డాయి.

అక్కడితో ఆపి ఉంటే తీర్పు తేలిపోయేది. కాని ఒక పరీక్షలో గెలుపు వచ్చిందంటే, అందులో ఓడిపోయే అవకాశం అసలు ఉందో లేదో చూడాలి. తుండు కింద చెయ్యి పెట్టి, పై శబ్దాలను తగ్గించే ట్రెబుల్ మీటను మెల్లగా చివరికంటా తిప్పేశాను. గొంతు మిగిలింది, మృదంగం మిగిలింది. చిడతలు పోయాయి. నాకు వినపడలేదు. అత్తయ్య వైపు చూస్తే ఆమె తల అడ్డంగా ఊపింది. మామయ్య వేలు మాత్రం లేస్తూనే ఉంది, సరిగ్గా లేవవలసిన చోటల్లా. ఆ గదిలో ఉన్న ముగ్గురిలో, లేని చిడతలు వినపడింది ఆయన ఒక్కడికే.

“ఎట్లా ఉందిరా పెట్టె!” అన్నాడు కళ్ళు తెరిచి.

ఆ రికార్డు ఆయనకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. కనుక వేలు లేవడం వల్ల ఆయన విన్నట్టు రుజువు కాలేదు. అలాగని విననట్టు కూడా రుజువు కాలేదు; గుర్తున్నంత మాత్రాన చెవి పనిచెయ్యదని ఏముంది? పైగా తుండు కింద కదిలే చెయ్యి దేన్ని దాస్తోందో కనిపెట్టడమే జీవితమంతా వృత్తిగా బతికిన మనిషి ఎదుట నేను తుండు కింద చెయ్యి పెట్టాను. కళ్ళు పూర్తిగా మూసుకున్నాడో లేదో కూడా చెప్పలేను.

సంచిలోంచి రెండవ రికార్డు తీశాను. తెలియని కథలో చిడతలు ఎక్కడ మోగుతాయో జ్ఞాపకానికి తెలియదు. వినాలి, అంతే. మామయ్య అట్ట వంక చూసి, దాన్ని పక్కకు తోశాడు.

“ముక్కూ మొగం తెలియని కథ నాకెందుకురా? నువ్వే విను.”

“ఒక్కసారి మామయ్యా.”

“ఒరేయ్, నీ పరీక్ష నీ కాలేజీలో పెట్టుకో. ఆదివారం పూట నా ఇంట్లో కాదు.”

“తేలలేదు,” అని అత్తయ్యతో చెప్పాను.

“ఇంత చదువూ చదివి తేలలేదంటావేంటయ్యా?” అంది. “తేలకపోతే మరి ఒప్పందం ప్రకారం?” అని అడిగింది. తేలకపోతే ఏం చెయ్యాలో ఒప్పందంలో లేదు. మామయ్య కొత్తపేట వెళ్ళలేదు. అత్తయ్య డాక్టరు మాట మళ్ళీ ఎత్తలేదు. కుక్కరు సంగతి కూడా ఎత్తలేదు. ఆ తర్వాత మాత్రం భోజనానికి ఎంతమంది వస్తున్నారో ఆయనకు చెప్పాలంటే అరవడం మానేసింది. దగ్గరికి వచ్చి, ఆయన చెయ్యి అందుకుని, పైటకొంగు కప్పి, వేళ్ళు నొక్కేది. ఆయన తల ఊపేవాడు. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. యార్డులో ఆయన తుండు చివరిదాకా ఆయన భుజం మీదే ఉంది. పొదిలి రైతులు సరుకు తోలుతూనే ఉన్నారు.

కాబట్టి ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఆ మధ్యాహ్నం, మద్రాసు మేడమీద, ముల్లు లోపలి చుట్టు మీద దిగినప్పుడు మామయ్య చిడతలు విన్నాడా, చూశాడా, గుర్తు చేసుకున్నాడా? దీన్ని తేల్చగల పరీక్ష ఒక్కటే ఉండేది. దానికి ఆయనకు తెలియని పాట కావాలి. తెలియని పాట వినడానికి ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు. రెండవ రికార్డు నా దగ్గరే ఉంది. నేను విన్నాను. చిడతలు స్పష్టంగా వినపడుతున్నాయి, కొంతకాలంగా లోపలి చుట్లలో తప్ప. ముల్లు మార్పించాలి.