ఎర్ర కాంతి మీద సలీం గొంతు

తొంభయ్యో దశకం మొదట్లో నల్లగొండలోని ఒక పాలిటెక్నిక్‌కు ఫిజిక్స్ లెక్చరర్‌గా బదిలీ అయి వచ్చాను. ఆ ఏడే ఎలక్ట్రానిక్స్ లెక్చరర్ సలీం, నేను కలిసి ఆఖరి సంవత్సరం పిల్లల చేత ఒక ప్రాజెక్టు మొదలుపెట్టించాం. కాలేజీ మిద్దె మీది నుంచి మైదానం అవతలి హాస్టల్ మిద్దెకు, తీగ లేకుండా, లేజర్ కాంతి మీద మాట పంపాలి.

ప్రిన్సిపాల్ గారికి నమ్మకం కుదరలేదు. “వెలుగు మీద మాట పోతదా? శనివారం నాకు ఇనిపియ్యుర్రి. లేకుంటె పిల్లలకు వేరే ప్రాజెక్టు ఇయ్యుర్రి,” అన్నారు.

మా దగ్గరున్నది ఒకే ఒక్క లేజర్ డయోడ్. లేజర్ అంటే గీత గీసినట్టు పోతుందని అందరూ అనుకుంటారు. డయోడ్ కాంతి అలా పోదు, విసనకర్రలా విచ్చుకుంటుంది. అదీ ఒక దిక్కున ఎక్కువ, ఇంకో దిక్కున తక్కువ. జానెడు దూరంలోనే గోడ మీద కోడిగుడ్డు ఆకారంలో పెద్ద ఎర్ర మరక పడేది. దాన్ని కిరణంగా కూర్చాల్సింది కటకం.

ముందు ల్యాబులోని మామూలు కటకం పెట్టాం. దాని నాభ్యంతరం ఎక్కువ కావడంతో డయోడ్‌కు దూరంగా పెట్టాల్సి వచ్చింది, కాంతి అక్కడికి చేరేలోగా చాలావరకు అంచులు దాటిపోయింది. అప్పుడు మైక్రోస్కోపుల కటకాలు విప్పాం. నలభై రెట్లు పెద్దగా చూపే కటకం కాంతినంతా పట్టగలదు కానీ, సరైన దూరానికి చేరకముందే డయోడ్ మీది అద్దాన్ని తాకబోయింది.

“ఆగుర్రి మేడం! పలిగితె ఇంకోటి లేదు!” అని సలీం అరిచాడు.

పది రెట్లది అంచుల్లో కొంత వదిలేసినా తగినంత ఎడం ఇచ్చింది. కిరణం లావుగా వచ్చినా దూరం పోయేకొద్దీ పెద్దగా చెదరలేదు. దాన్నే ఖాయం చేశాం.

శనివారం పొద్దుగూకే వేళ సలీం కాలేజీ మిద్దె మీద మైకుతో, నేను హాస్టల్ మిద్దె మీద, కాంతిని మళ్లీ కరెంటుగా మార్చే ఫోటోసెల్, లౌడ్‌స్పీకర్‌తో నిలబడ్డాం. నేను బదులు చెప్పే ఏర్పాటు లేదు, తువ్వాల ఊపడమే. ప్రిన్సిపాల్ గారు అప్పుడే మెట్లెక్కి వచ్చి నా పక్కన నిలబడ్డారు. సలీంకు ఆ సంగతి తెలియదు.

గరగర. తర్వాత, “మేడం, ఇనబడ్తాందా?”

పిల్లలు ఈలలు వేశారు. నేను తువ్వాల ఊపాను.

“అరె, ఇనబడ్తాందట! సారు నమ్మలె గదా మేడం, ఆయన మొఖం ఇప్పుడు జూడాలె!”

ఆపమని ఇంకా గట్టిగా ఊపాను. అది చూసి సలీం ఇంకా హుషారెక్కి ప్రిన్సిపాల్ గొంతే అనుకరించాడు. “వెలుగు మీద మాట పోతదా?”

ప్రిన్సిపాల్ గారు ఫోటోసెల్‌కు చెయ్యి అడ్డం పెట్టారు. సలీం గొంతు ఆగింది. తీశారు, మళ్లీ మోగింది. పెట్టారు, తీశారు, పెట్టారు. ఆయన ముఖం వెలిగిపోయింది. “నేను గూడ మాట్లాడ్త!” అంటూ మెట్లు దిగి మైదానంలో ఉరుకుతుంటే మేం నవ్వలేక పొట్టలు పట్టుకున్నాం.

కాసేపటికి లౌడ్‌స్పీకర్‌లో ఆయన గొంతు. “మేడం, సలీం నా పక్కనే ఉన్నడు. ఈయన మొఖం ఇప్పుడు జూడాలె!”

సర్వీసంతా పిల్లలకు ఇదే చెప్పాను. ఎక్కువ కాంతి పట్టేదే మంచి కటకం అనుకోవద్దు. కాంతి ఎంత విచ్చుకుంటుందో, ఎంత దూరం పోవాలో చూసుకొని ఎంచుకోవాలి. ఇక మైకు పట్టుకునే ముందు, అవతలి మిద్దె మీద ఎవరెవరున్నారో కనుక్కోవాలి.